వానిటీ కొనేముందు తలుపు తెరిచి లోపల చూడండి

మా ఇంట్లో మొదటి వానిటీని నేను కంటికి నచ్చి తీసుకున్నాను. నిగనిగలాడే తెల్లటి తలుపులు, పైన గిన్నెలా కూర్చున్న గుండ్రటి బేసిన్, పొడవాటి నల్ల కొళాయి. షోరూమ్ లైట్ల కింద అది ఎంత ముచ్చటగా కనిపించిందంటే, తలుపు తెరిచి లోపల ఏ పలక వాడారో చూడాలన్న ఆలోచనే రాలేదు. రెండో ఏడు నడుస్తుండగా ఒక తలుపు సరిగ్గా మూసుకోవడం మానేసింది. వంగి చూస్తే అడుగు పలక అంచు ఉబ్బి, మీది తెల్ల పొర లేచి ఉంది. వేలితో నొక్కితే తడిసిన అట్టలా లోపలికి దిగింది. పైపేమీ పగల్లేదు. బేసిన్ కింది జాయింట్ నుంచి రోజుకు నాలుగు చుక్కలు, నేల తుడిచినప్పుడల్లా అంచుకు తగిలే తడి, అంతే. ఆ కాస్త తడే దాన్ని తినేసింది.

అప్పటి నుంచి ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే. నీళ్లు ఎక్కడ పడతాయి, ఎక్కడ నిలుస్తాయి, ఆ చోట ఏ పదార్థం ఉంది అన్నది ముందు చూడండి. రంగు, డిజైన్, హ్యాండిళ్లు ఆ తర్వాత. బేసిన్, దాన్ని మోసే కౌంటర్, కింద క్యాబినెట్, కొళాయి, నీళ్లు పోయే పైపు, ఇవన్నీ కలిసిందే వానిటీ. ఒక్కో భాగంలో ఉన్న దారులేమిటో, దేనికి దేన్ని వదులుకోవాల్సి వస్తుందో చూద్దాం.

ముందు టేపు, తర్వాత షోరూమ్

రెడీమేడ్ వానిటీలు ఎక్కువగా 18, 24, 30, 36, 48, 60 అంగుళాల వెడల్పుల్లో దొరుకుతాయి. ఎంత పెద్దది పడుతుందా అని చూసే బదులు, అది పెట్టాక మనిషికి ఎంత చోటు మిగులుతుందో చూడండి. వానిటీ ముందు కనీసం 21 అంగుళాల ఖాళీ ఉండాలి, ఇబ్బంది లేకుండా కదలాలంటే 30 కావాలి. మొహం కడుక్కునేటప్పుడు తల ముందుకు వంగితే నడుము వెనక్కి వెళ్తుంది, ఆ వెనక్కి వెళ్లే చోటునే చాలామంది లెక్కలోకి తీసుకోరు. బేసిన్ మధ్య నుంచి పక్క గోడకు కనీసం 15 అంగుళాలు ఉండాలి, 20 ఉంటే మోచెయ్యి గోడకు తగలదు. పక్కనే కమోడ్ ఉంటే దాని మధ్య గీత నుంచి వానిటీ పక్క అంచుకు కూడా కనీసం 15, వీలైతే 18 వదలండి.

నేను రెండోసారి చేసిన పని మీరు మొదటిసారే చేయండి. అనుకున్న కొలతకు ఒక అట్ట కత్తిరించి, వానిటీ రావాల్సిన చోట నేల మీద పరవండి. బాత్రూమ్ తలుపు పూర్తిగా తెరవండి, మూయండి. అట్ట ముందు నిలబడి వంగండి. డ్రాయర్ బయటికి లాగినట్టు ఊహించుకుని ఎక్కడ నిలబడతారో చూసుకోండి. ఒక రోజంతా దాని చుట్టూ తిరిగితే కాగితం మీది కొలతల కంటే ఎక్కువ తెలుస్తుంది.

చోటు ఇరుకైతే వెడల్పు కంటే లోతు తగ్గించడం మేలని నా అభిప్రాయం. మామూలు వానిటీ గోడ నుంచి దాదాపు 21 అంగుళాలు ముందుకు వస్తుంది. 16 నుంచి 18 అంగుళాల లోతున్నవీ దొరుకుతాయి. ఆ మూడు నుంచి ఐదు అంగుళాలతో నడిచే దారి తెరుచుకుంటుంది, కౌంటర్ మీద పెట్టుకునే చోటు మాత్రం పెద్దగా తగ్గదు.

రెండు బేసిన్ల వానిటీకి కనీసం 60 అంగుళాలు కావాలి. అంత ఉన్నా ఒక్కో బేసిన్ పక్కన వస్తువులు పెట్టుకునే చోటు చాలా తక్కువే. ఇద్దరు మనుషులు నిజంగా ఒకే సమయంలో వాడతారా అని ఇంట్లో నిజాయితీగా మాట్లాడుకోండి. ముందూ వెనుకా వాడుకునే ఇల్లయితే ఒకే బేసిన్, పొడవైన కౌంటర్ ఎంతో హాయి. బేసిన్ రెండైతే కొళాయిలు రెండు, ట్రాపులు (బేసిన్ కింద వాసన పైకి రాకుండా నీళ్లు నిలిపే వంపు పైపులు) రెండు, కారడానికి వీలున్న జాయింట్లూ రెట్టింపు.

ఎత్తు దగ్గర ఒక చిన్న మెలిక ఉంది. ఒకప్పుడు 30 నుంచి 32 అంగుళాల ఎత్తున పెట్టేవారు. ఇప్పుడు 34 నుంచి 36 ఎక్కువ వాడుకలో ఉంది, పెద్దవాళ్లకు నడుము వంచే బాధ తగ్గుతుంది. అయితే ఈ ఎత్తు కొలవాల్సింది బేసిన్ పై అంచు వరకు. కౌంటర్ మీద కూర్చునే బేసిన్ ఒక్కటే 5 అంగుళాలు ఉంటుందనుకోండి, 34 అంగుళాల క్యాబినెట్ మీద దాన్ని పెడితే అంచు 39కి చేరుతుంది. మొహం కడిగితే నీళ్లు మోచేతుల మీదుగా కారి నేల మీద పడతాయి. అలాంటి బేసిన్ కావాలంటే కౌంటర్ 29, 30 అంగుళాల దగ్గరే ఆగాలి. పిల్లల కోసమని వానిటీనే కిందికి దించకండి, వాళ్లకు జారని స్టూలు చాలు. వీల్‌చైర్ వాడేవాళ్లు ఇంట్లో ఉంటే మాత్రం లెక్క వేరు. అంచు 34 అంగుళాలు దాటకూడదు, కింద మోకాళ్లకు కనీసం 27 అంగుళాల ఎత్తు ఖాళీగా ఉండాలి. వేడినీళ్ల పైపు కాళ్లకు తగలకుండా దానికి తొడుగు వేయించాలి.

గోడకు వేలాడేదా, నేల మీద నిలబడేదా

నేల మీద నిలబడే వానిటీ బరువంతా నేలే మోస్తుంది. గోడ ఎలాంటిదైనా సమస్య లేదు, బిగింపు తేలిక, లోపల చోటు ఎక్కువ. దాని బలహీనత పాదాల దగ్గరే. నేల తుడిచిన ప్రతిసారీ, స్నానం నీళ్లు పాకిన ప్రతిసారీ అడుగు అంచు తడుస్తుంది. పలక నేరుగా నేలను తాకే మోడల్ అయితే స్నానపు చోటు వేరుగా ఉండి, నేల ఎప్పుడూ పొడిగా ఉండే బాత్రూమ్‌లోనే పెట్టండి. కాళ్ల మీద నిలిచేదైతే ఆ కాళ్లు స్టీలువో ప్లాస్టిక్‌వో అయ్యుండాలి, ఎత్తు కనీసం 4 అంగుళాలు ఉండాలి. చుట్టూ కనిపించే కింది పట్టీ రాయితోనో టైల్‌తోనో చేయిస్తే ఇంకా మంచిది.

గోడకు వేలాడే వానిటీ కింద 8, 10 అంగుళాలు ఖాళీ వదిలితే నేల అంతా కనిపిస్తుంది, చిన్న గది కూడా విశాలంగా అనిపిస్తుంది, తుడవడం తేలిక. తడి దాని అడుగుదాకా రాదు. షవర్, బేసిన్ మధ్య అడ్డు లేని బాత్రూమ్‌కి నా ఓటు ఎప్పుడూ దీనికే.

కానీ గోడ గురించి ముందే తెలుసుకోవాలి. క్యాబినెట్, రాతి కౌంటర్, బేసిన్, లోపలి సామాను, వీటికి తోడు దాని మీద చేతులు ఆనించి వంగే మనిషి బరువు. ఇదంతా నాలుగైదు బోల్టుల మీద ఆధారపడుతుంది. కాంక్రీటు గోడకైనా గట్టి ఇటుక గోడకైనా సరైన యాంకర్ బోల్టులు పడితే చాలు. బోలుగా ఉండే బ్లాకులకూ తేలికపాటి బ్లాకులకూ వాటి కోసమే చేసిన యాంకర్లు కావాలి, మామూలు ప్లాస్టిక్ ప్లగ్గులు పనికిరావు. జిప్సం బోర్డు గోడ అయితే టైల్స్ వేయకముందే లోపల అడ్డంగా గట్టి చెక్కనో స్టీలు పట్టీనో పెట్టించాలి. టైల్స్ అయిపోయాక ఈ సంగతి గుర్తొస్తే నేల మీద నిలబడేదే తీసుకోవడం మంచిది.

ఇంకో విషయం. నీళ్లు పోయే పైపు గోడలోంచి వస్తోందా, నేలలోంచి వస్తోందా చూడండి. నేలలోంచి వస్తుంటే, వేలాడే వానిటీ కింద ఆ పైపు బయటికి కనబడుతుంది. పైపును గోడలోకి మార్పించే వీలుందో లేదో ప్లంబర్‌ని అడిగాకే వానిటీ సంగతి తేల్చుకోండి.

లోపలి పలకే అసలు వానిటీ

తలుపు మీది రంగు చూసి ఇది చెక్కా, ఎండీఎఫా, పార్టికల్ బోర్డా అని చెప్పడం ఎవరి వల్లా కాదు. తలుపు తెరిచి, పైపుల కోసం వెనుక కోసిన రంధ్రం దగ్గర చూడండి. అక్కడ పలక కడుపు బయటపడుతుంది. చెక్క ముక్కలు అతుక్కున్నట్టు గరుగ్గా ఉంటే పార్టికల్ బోర్డు. మెత్తటి పొడిని గట్టిగా నొక్కినట్టు ఒకే రంగులో ఉంటే ఎండీఎఫ్. పొరలు పొరలుగా గీతలు కనిపిస్తే ప్లైవుడ్. తెల్లగా, ప్లాస్టిక్‌లా, సన్నటి గాలి బుడగలతో ఉంటే పీవీసీ ఫోమ్ బోర్డు.

మామూలు పార్టికల్ బోర్డును బాత్రూమ్‌కి వద్దనే చెప్తాను. ఒకసారి నీళ్లు పీల్చి ఉబ్బితే ఎండాక కూడా పాత మందానికి రాదు, స్క్రూల పట్టు పోతుంది, తలుపులు వేలాడిపోతాయి. మాది అదే. అంత ఖర్చు పెట్టలేమనుకుంటే క్యాబినెట్ లేకుండా ఒక మంచి బేసిన్, పైన అద్దం వెనుక చిన్న అర పెట్టుకోండి. ఉబ్బిపోయే క్యాబినెట్ కంటే అదే నయం.

ఎండీఎఫ్ నునుపుగా ఉంటుంది, పెయింట్ దాని మీద అద్దంలా కూర్చుంటుంది, డిజైన్ గాడులు చక్కగా పడతాయి. మామూలు రకం నీళ్లకు ఓర్చుకోదు. తేమను తట్టుకునేలా చేసిన రకం వేరే ఉంది. చాలాచోట్ల దాన్ని గుర్తుపట్టడానికి లోపల ఆకుపచ్చ రంగు కలుపుతారు. రంగు ఒక్కటే రుజువు కాదు కాబట్టి బోర్డు మీది ముద్రో, కంపెనీ వివరాల కాగితమో అడగండి. ఆ రకం కూడా గాలిలోని తేమను తట్టుకుంటుందే తప్ప నిలిచిన నీళ్లను కాదు. తలుపులకు బాగుంటుంది, అడుగు పలకకు వద్దు.

క్యాబినెట్ పెట్టెకు నేను ఎంచుకునేది బాయిలింగ్ వాటర్ ప్రూఫ్ ప్లైవుడ్, వాడుకలో మెరైన్ ప్లై అంటారు. పొరలను అతికించే జిగురులోనే దాని బలం ఉంది. ఈ రకం ప్లైని 72 గంటలు నీటిలో మరగబెట్టి, పొరలు విడిపోతున్నాయేమో పరీక్షిస్తారు. 18 ఎంఎం పలకలో స్క్రూ గట్టిగా పడుతుంది. ఒకటి రెండు సార్లు తడిసినా ఆరితే మళ్లీ మామూలవుతుంది. మరి ప్లై అయినా ఎందుకు పాడవుతుందంటే, కోసిన అంచుల వల్ల. అంచులో పొరలన్నీ నోళ్లు తెరుచుకుని ఉంటాయి, తడి అక్కడి నుంచే ఎక్కుతుంది. కనిపించే అంచులకు ఎడ్జ్ బ్యాండింగ్ (అంచును మూసే పలుచటి పట్టీ) వేసి, వెనుకా అడుగునా పచ్చిగా వదిలేయడం చాలాచోట్ల చూశాను. నాలుగు అంచులూ మూసి ఉన్నాయో లేదో చేత్తో తడిమి చూడండి. ప్లంబర్ వచ్చి పైపుల కోసం కోసే రంధ్రం మాత్రం ఎప్పుడూ పచ్చిగానే ఉంటుంది. పైపులు బిగించకముందే ఆ కోత చుట్టూ పెయింటో సిలికానో పూయించండి. ఐదు నిమిషాల పని, వానిటీ ఆయుష్షును మాత్రం ఏళ్ల తరబడి పెంచుతుంది.

పీవీసీ ఫోమ్ బోర్డు నీళ్లు పీల్చదు, చెదలు పట్టదు. నేల ఎప్పుడూ తడిగా ఉండే చోట దీన్ని మించింది లేదు. అయితే స్క్రూ పట్టు ప్లై అంత ఉండదు, పొడుగు అరలు మధ్యలో వంగుతాయి, వేడికి మెత్తబడుతుంది. 24, 30 అంగుళాల చిన్న వానిటీకి సరే. 48 అంగుళాలు, పైన బరువైన రాయి అనుకుంటే లోపల స్టీలు ఫ్రేమ్ లేకుండా ఒప్పుకోకండి. స్టెయిన్‌లెస్ స్టీలు క్యాబినెట్ అయితే 304 రకం అడగండి. అయస్కాంతం పెట్టి చూసి తేల్చవచ్చని కొందరు చెప్తారు గానీ, చవకైన 202 రకానికీ అయస్కాంతం సరిగ్గా అంటదు. బిల్లు మీద రకం రాయించుకోవడమే దారి.

అసలు చెక్క అందమే వేరు. గాలిలో తేమను బట్టి వెడల్పు వైపు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, పొడవు వైపు దాదాపు కదలదు. అందుకే వెడల్పాటి ఒకే పలక తలుపు వంకర పోతుంది, చుట్టూ ఫ్రేమ్ కట్టి మధ్యలో పలక వదులుగా కూర్చోబెట్టిన తలుపు నిలుస్తుంది. గాలి బాగా ఆడే బాత్రూమ్, పాలిష్ మళ్లీ మళ్లీ చేయించే ఓపిక ఉంటేనే దాని జోలికి వెళ్లండి.

పై పూత విషయం త్వరగా చెప్తాను. లామినేట్ గట్టిది, గీతలు తక్కువ, అంచులు బాగా మూస్తే ఏళ్లు వస్తుంది. పీయూ (పాలీయురేథేన్) పెయింట్ చూడటానికి అన్నిటికంటే బాగుంటుంది, దెబ్బ తగిలిన చోట పెచ్చు లేస్తుంది. గాడుల డిజైన్ తలుపుల మీద వేడితో అతికించే పలుచటి పీవీసీ పొర ఉంటుంది చూశారా, అది వేడికీ ఆవిరికీ మూలల్లో ఊడొస్తుంది. గీజర్ కింద, షవర్ పక్కన దాన్ని పెట్టకండి.

కౌంటర్: రాయి, క్వార్ట్జ్, ఇంకేమైనా

గ్రానైట్ గట్టిది, వేడికి చలించదు. రకాన్ని బట్టి సన్నటి రంధ్రాలు ఉంటాయి కాబట్టి అప్పుడప్పుడు సీలర్ (ఆ రంధ్రాలను మూసే ద్రవం) పూయాలి. పూయాలో వద్దో తెలియాలంటే నాలుగు చుక్కల నీళ్లు పోసి పది నిమిషాలు ఆగండి, తుడిచాక అక్కడ ముదురు మచ్చ కనిపిస్తే పూయాల్సిందే.

మార్బుల్ నాకు చాలా ఇష్టం, అయినా రోజూ వాడే వానిటీకి వద్దనే చెప్తాను. అది కాల్సైట్ రాయి, ఆసిడ్ తగలగానే పై మెరుపు పోయి తెల్లటి మచ్చ మిగులుతుంది. బాత్రూమ్ శుభ్రం చేసే ద్రావకాల్లో చాలావాటిలో ఆసిడ్ ఉంటుంది. ఇంట్లో ఎవరో ఒకరు తెలియక ఒక్కసారి వాడితే చాలు. అతికించడానికి వాడే సిలికాన్ విషయంలోనూ జాగ్రత్త. వెనిగర్ వాసన వచ్చే మామూలు సిలికాన్ ఆరేటప్పుడు ఆసిడ్ వదులుతుంది, మార్బుల్ మీద మచ్చ పడుతుంది. న్యూట్రల్ సిలికాన్ అని అడిగి వాడించండి.

క్వార్ట్జ్ అని అమ్మేది గనిలోంచి కోసిన పలక కాదు. దాదాపు 90 శాతం క్వార్ట్జ్ రాతి పొడిని రెజిన్‌తో (జిగురులా పట్టి ఉంచే ప్లాస్టిక్ పదార్థం) కలిపి నొక్కి తయారుచేస్తారు. నీళ్లు పీల్చదు, సీలర్ అక్కర్లేదు, మరకలు తక్కువ. దాని బలహీనత ఆ రెజినే. జుట్టు స్ట్రెయిట్ చేసుకునే మెషిన్లు 200 డిగ్రీల సెల్సియస్ పైన వేడెక్కుతాయి. వేడి మీద ఉన్నదాన్ని కౌంటర్ మీద పెడితే పసుపు మరక పడి మళ్లీ పోదు. ఇంట్లో ఆ అలవాటు ఉంటే పక్కన వేడికి ఓర్చే చాప ఒకటి పెట్టుకోండి, లేదా గ్రానైట్ తీసుకోండి.

క్వార్ట్జ్ గురించి ఇంకొకటి కూడా చెప్పాలి. దీన్ని పొడిగా కోసినప్పుడు లేచే సన్నటి సిలికా ధూళి కోసేవాళ్ల ఊపిరితిత్తులను కోలుకోలేనంతగా దెబ్బతీస్తుంది. ఈ కారణంతోనే ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఇలాంటి ఇంజినీర్డ్ స్టోన్ వాడకాన్ని నిషేధించింది. మనింట్లో అందం కోసం ఒక కార్మికుడి ఊపిరి పోకూడదు. ఏ రాయి తీసుకున్నా బేసిన్ కోత వర్క్‌షాప్‌లోనే, నీళ్లు పోస్తూ కోయమని గట్టిగా చెప్పండి. కాస్త కోత ఇంట్లో చేస్తామంటే ఒప్పుకోకండి.

సాలిడ్ సర్ఫేస్ అనేది యాక్రిలిక్ రెజిన్‌లో ఖనిజ పొడి కలిపి చేసే పలక. డ్యూపాంట్ కంపెనీ 1967లో దీన్ని రూపొందించి కోరియన్ (Corian) అని పేరు పెట్టింది, ఇప్పుడు ఈ రకం మొత్తాన్నీ చాలామంది ఆ పేరుతోనే పిలుస్తారు. కౌంటర్, బేసిన్ అతుకు కనిపించకుండా ఒకే ముక్కగా చేయొచ్చు. గీతలు త్వరగా పడతాయి, కానీ సన్నటి గరుకు కాగితంతో రుద్దితే పోతాయి. బేసిన్, కౌంటర్ కలిసి ఒకే సెరామిక్ ముక్కగా వచ్చేవి కూడా ఉన్నాయి. 24, 30 అంగుళాల వానిటీకి వాటిని మించిన సులువైన ఎంపిక నాకు కనబడలేదు. అతుకే లేదు కాబట్టి అతుకులో మురికీ లేదు, నీళ్లు దిగే దారీ లేదు.

రాయి ఏదైనా సరే, రెండు పనులు చేయించండి. కౌంటర్ క్యాబినెట్ కంటే ఒక అంగుళం ముందుకు రావాలి. ఆ ముందుకొచ్చిన అంచు అడుగున పొడుగునా సన్నటి గాడి ఒకటి తీయించాలి. కౌంటర్ మీద నుంచి జారిన నీళ్లు రాయి అడుగు భాగాన్ని పట్టుకుని తలుపుల మీదికి పాకకుండా ఆ గాడి దగ్గరే తెగి కింద పడతాయి. గోడ వైపు 4 అంగుళాల రాతి పట్టీ కూడా పెట్టిస్తే గోడకూ కౌంటర్‌కూ మధ్య సందులోకి నీళ్లు దిగవు.

ఉప్పునీళ్లు వచ్చే ఇల్లయితే నల్లటి మెరిసే కౌంటర్ వద్దు, ఆరిన ప్రతి చుక్కా తెల్లటి వలయంలా కనిపిస్తుంది. మధ్యస్థ రంగులో చుక్కలున్న రాయి మీద అవి కనిపించవు. నల్లటి కొళాయిలకూ ఇదే వర్తిస్తుంది.

బేసిన్ ఎలా కూర్చోవాలి

కౌంటర్ మీద గిన్నెలా కూర్చునేది టేబుల్ టాప్ బేసిన్. మార్చడం తేలిక, కౌంటర్‌లో చిన్న రంధ్రం సరిపోతుంది, అతిథులు వాడే చిన్న బాత్రూమ్‌కి అందం. కానీ దాని అడుగు అంచు చుట్టూ మురికి చేరుతుంది, వెనుక గోడకూ దానికీ మధ్య చెయ్యి దూరక తుడవలేం. పైనుంచి చిందిన నీళ్లు కౌంటర్ మీదే నిలుస్తాయి. రోజూ నలుగురు వాడే బాత్రూమ్‌కి నేను పెట్టను.

కౌంటర్ కింద నుంచి బిగించే అండర్ కౌంటర్ బేసిన్ అయితే కౌంటర్ మీది నీళ్లను చేత్తో నేరుగా బేసిన్‌లోకి తోసేయొచ్చు. శుభ్రం విషయంలో దీనికి సాటి లేదు. అయితే దీన్ని కింద నుంచి బ్రాకెట్లతో మోయించాలి. సిలికాన్ ఒక్కదాని మీద వేలాడదీస్తే ఎప్పుడో ఒకరోజు కిందికి జారుతుంది. కోసిన రాతి అంచు బయటికే కనిపిస్తుంది కాబట్టి దానికీ పాలిష్ ఉండాలి. లామినేట్ అతికించిన చెక్క కౌంటర్‌కి ఈ రకం అస్సలు కుదరదు, కోసిన అంచు రోజూ తడుస్తుంది.

పైనుంచి దించి కూర్చోబెట్టే బేసిన్‌కి అంచు కౌంటర్ మీద ఆనుతుంది. బరువు కౌంటర్ మోస్తుంది, కోత కాస్త వంకర వచ్చినా అంచు కప్పేస్తుంది, బిగించడం, మార్చడం తేలిక. అంచు చుట్టూ నల్లటి గీత పడకుండా కొన్నేళ్లకోసారి సిలికాన్ తీసి కొత్తది వేయించుకోవాలి. లోతు తక్కువున్న గదికి, సగం కౌంటర్ దాటి ముందుకొచ్చే సెమీ రీసెస్డ్ బేసిన్ ఉంది. దాంతో 12, 14 అంగుళాల కౌంటర్‌తోనూ పని జరుగుతుంది.

బేసిన్‌లో పైన ఓవర్‌ఫ్లో రంధ్రం (నీళ్లు నిండి పొర్లకుండా బయటికి పోయే రంధ్రం) ఉందో లేదో చూసి దానికి తగ్గ వేస్ట్ కప్లింగ్ (బేసిన్ రంధ్రంలో బిగించే గొట్టం) కొనాలి. రంధ్రం ఉంటే హాఫ్ థ్రెడ్ (సగం వరకే మర ఉన్నది), లేకపోతే ఫుల్ థ్రెడ్ (పొడుగునా మర ఉన్నది). తారుమారైతే నీళ్లు కప్లింగ్ చుట్టూ కిందికి కారుతూనే ఉంటాయి, ఎన్నిసార్లు టేపు చుట్టినా ఆగవు.

కొళాయిని బేసిన్‌తో పాటే ఎంచుకోండి. నీటి ధార డ్రెయిన్ రంధ్రానికి దగ్గరగా పడాలి. బేసిన్ వెనుక వాలు మీద పడితే చేతులు గోడకు తగులుతాయి, ముందు వాలు మీద పడితే బట్టలు తడుస్తాయి. కొళాయి చివరకూ బేసిన్ అంచుకూ మధ్య 4 నుంచి 6 అంగుళాలు ఉంటే చేతులకు చోటుంటుంది, చిందడం కూడా తక్కువ. గోడలోంచి వచ్చే కొళాయి కౌంటర్‌ని ఖాళీగా ఉంచుతుంది, కానీ బేసిన్ మోడల్ ఏదో తేలకముందే దానికి పైపు వేయించకండి. టైల్స్ పడ్డాక ఒక్క అంగుళం కూడా జరపలేరు.

తలుపులా, డ్రాయర్లా

తలుపుల క్యాబినెట్‌లో వస్తువులన్నీ వెనక్కి పోతాయి, ముందున్నవే వాడతాం. డ్రాయర్ లాగితే అన్నీ కళ్ల ముందుకొస్తాయి. అయినా పైపులు ఉన్న చోట డ్రాయర్ ఊరికే రాదు. పై డ్రాయర్‌ని మధ్యలో యూ ఆకారంలో కోసి, ట్రాప్ చుట్టూ తిరిగేలా చేస్తారు. మీ గోడలో డ్రెయిన్ పైపు ఎంత ఎత్తులో ఉందో, యాంగిల్ కాక్‌లు (గోడ దగ్గర నీళ్లు ఆపే చిన్న వాల్వులు) ఎక్కడున్నాయో కొలిచి రాసుకెళ్లండి, డ్రాయర్ వెనుక భాగం వాటికి తగిలితే కొన్నది వెనక్కి తీసుకోరు. 36 అంగుళాలు దాటితే బేసిన్ కింద తలుపు, పక్కన డ్రాయర్లు అనే అమరికే నాకు నచ్చుతుంది. పైపు కారితే తలుపు తెరవగానే కనిపిస్తుంది. డ్రాయర్ వెనుక కారేది వారాల తరబడి ఎవరికీ తెలియదు.

తలుపుల కీళ్లు, డ్రాయర్ స్లైడులు స్టెయిన్‌లెస్ స్టీలువి అడగండి. ఎంత మంచివైనా ఒక పని వాటిని పాడు చేస్తుంది. ఆసిడ్ ఉన్న టాయిలెట్ క్లీనర్, బ్లీచ్ సీసాలు క్యాబినెట్ లోపల దాచడం. మూత బిగించినా వాటి ఆవిరి మూసిన అరలో పేరుకుని కీళ్లనూ పైపుల క్రోమ్ పూతనూ తినేస్తుంది. పైగా ఆ రెండూ పొరపాటున కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు పుడుతుంది. రెండింటినీ ఒకే చోట పెట్టకండి, పిల్లలకు అందే చోట అసలే వద్దు.

మరి ఎవరికి ఏది

రెడీమేడ్ వానిటీలో కొలతలు ఖాయం, అంచులు మెషిన్ మీద మూస్తారు, బేసిన్ సరిగ్గా కూర్చుంటుంది. గది మూలలు వంకరగా ఉన్నా, పైపులు వింత చోట ఉన్నా కార్పెంటర్‌తో చేయించుకోవడమే దారి. అప్పుడు పలక మీరే కొనివ్వండి, అడుగునా వెనుకా కూడా లామినేట్ వేయమని పని మొదలవకముందే మాట్లాడుకోండి.

అద్దెకిచ్చే ఇంటికి, లేదా శ్రద్ధగా చూసుకునేవాళ్లు లేని చోటుకి పీవీసీ పెట్టె, పైన ఒకే ముక్క సెరామిక్ బేసిన్, గోడకు వేలాడేది. కుటుంబమంతా వాడే బాత్రూమ్‌కి మెరైన్ ప్లై, గ్రానైట్ కౌంటర్, అండర్ కౌంటర్ బేసిన్. అతిథుల బాత్రూమ్‌లో మీ ముచ్చట తీర్చుకోండి. మార్బుల్, టేబుల్ టాప్ బేసిన్, చెక్క తలుపు, ఏదైనా సరే, అక్కడ రోజూ తడి ఉండదు. డబ్బు తక్కువైతే తలుపుల డిజైన్‌లో తగ్గించుకోండి, పలకలోనూ కీళ్లలోనూ తగ్గించకండి. తలుపులు ఐదేళ్లకు మార్చుకోవచ్చు, పెట్టె మార్చాలంటే రాయి, బేసిన్, పైపులు అన్నీ ఊడదీయాలి.

బిగించిన రోజు

ప్లంబర్ వెళ్లకముందే బేసిన్ రంధ్రం మూసి, ఓవర్‌ఫ్లో దాకా నీళ్లు నింపండి. ఒకేసారి వదిలేయండి. తర్వాత కింద ప్రతి జాయింట్‌కూ, అంటే యాంగిల్ కాక్‌లు, కొళాయి గొట్టాల కొసలు, వేస్ట్ కప్లింగ్, ట్రాప్ నట్లు, అన్నిటికీ పొడి టిష్యూ కాగితం చుట్టండి. చేత్తో తడిమితే దొరకని చుక్క కాగితం మీద కనిపిస్తుంది. గంట తర్వాత ఒకసారి చూడండి. కాగితాలు అలాగే ఉంచి, మర్నాడు పొద్దున్న టార్చ్ పెట్టి మళ్లీ చూడండి. అన్నీ పొడిగా ఉంటే అప్పుడు సర్దుకోవడం మొదలుపెట్టండి. అడుగు పలక మీద మాత్రం ఏమీ పెట్టకుండా మొదటి వారం ఖాళీగా వదలండి.